ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష మొదటి భాగం

ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష మొదటి భాగం అనగా, ఇంటర్నేషనల్ ఇంగ్లీష్ లాంగ్వేజ్ టెస్టింగ్ సిస్టమ్ అనే ఆంగ్ల భాషా సామర్థ్య పరీక్షలో అభ్యర్థి పరీక్షకునితో ముఖాముఖి మాట్లాడే ఘట్టంలోని ప్రారంభ భాగము. ఇది 4 నుండి 5 నిమిషాలు జరుగుతుంది. ఇందులో అభ్యర్థి పేరు, స్వస్థలం, ఇల్లు, చదువు, ఉద్యోగం, అభిరుచులు వంటి పరిచిత విషయాలపై చిన్న చిన్న ప్రశ్నలు ఉంటాయి. విదేశాలలో ఉన్నత విద్యకు, ఉద్యోగానికి, వలసకు వెళ్ళదలచిన తెలుగువారు పెద్దసంఖ్యలో ఈ పరీక్ష రాస్తున్నారు. ప్రశ్నలు సులభమైనవే అయినా, తెలుగు మాధ్యమంలో చదివినవారు, గ్రామీణ ప్రాంతాల నుండి వచ్చినవారు తడబడేది ఎక్కువగా ఈ మొదటి నిమిషాలలోనే. సమాధానాలను కంఠస్థం చేయడం ఈ తడబాటుకు మందు కాదు. చెప్పవలసిన విషయాన్ని ముందే సిద్ధం చేసుకుని, వాక్యాన్ని అప్పటికప్పుడు కూర్చగలిగే అలవాటు చేసుకోవడమే దీనికి సరైన సన్నద్ధత. ఈ వ్యాసంలో జోగులాంబ గద్వాల జిల్లాలోని మల్దకల్ పరిసరాలను ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతి వివరించబడినది.

పరీక్ష స్వరూపం

ఐఈఎల్‌టీఎస్‌లో శ్రవణం, పఠనం, లేఖనం, భాషణం అని నాలుగు విభాగాలు ఉన్నాయి. ఉన్నత విద్యకు ఉద్దేశించిన అకడమిక్, ఇతర అవసరాలకు ఉద్దేశించిన జనరల్ ట్రైనింగ్ అని పరీక్ష రెండు రకాలు. అయితే భాషణ విభాగం, అనగా మౌఖిక పరీక్ష, రెండింటికీ ఒక్కటే. మౌఖిక పరీక్ష మొత్తం 11 నుండి 14 నిమిషాలు ఉంటుంది. దానిలో మూడు భాగాలు ఉన్నాయి.

* మొదటి భాగం: పరిచయం, పరిచిత విషయాలపై ప్రశ్నలు. 4 నుండి 5 నిమిషాలు.
* రెండవ భాగం: ఇచ్చిన అంశంపై ఒక నిమిషం ఆలోచించుకుని ఒకటి రెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడడం. మొత్తం 3 నుండి 4 నిమిషాలు.
* మూడవ భాగం: రెండవ భాగంలోని అంశానికి సంబంధించి లోతైన చర్చ. 4 నుండి 5 నిమిషాలు.

మిగిలిన విభాగాలను కంప్యూటరుపై రాసినా, మౌఖిక పరీక్షను మాత్రం మనిషే నిర్వహిస్తాడు. పరీక్షకుడు ఎదురుగా కూర్చుని గానీ, వీడియో కాల్ ద్వారా గానీ మాట్లాడతాడు. సంభాషణ యావత్తూ రికార్డు చేయబడుతుంది.

చరిత్ర

ఈ పరీక్షకు పూర్వరూపమైన ఈఎల్‌టీఎస్ 1980లో మొదలైనది. బ్రిటిష్ కౌన్సిల్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరీక్షా విభాగం దానిని నిర్వహించేవి. తరువాత ఆస్ట్రేలియాకు చెందిన ఐడీపీ సంస్థ కూడా భాగస్వామి అయి, 1989లో ఐఈఎల్‌టీఎస్ అనే పేరుతో పరీక్ష రూపుదిద్దుకున్నది. తొలి రోజులలో మౌఖిక పరీక్షకు అయిదు అంకాలు ఉండేవి. 2001లో దానిని సవరించి ఇప్పటి మూడు భాగాల పద్ధతిని ప్రవేశపెట్టారు. పరీక్షకుడు ముందుగా నిర్ణయించిన ప్రశ్నల చట్రానికి కట్టుబడి ఉండడం అప్పటి నుండే స్థిరపడినది. ఒక్కొక్క పరీక్షకుడు ఒక్కొక్క తీరున ప్రశ్నిస్తే అభ్యర్థుల ఫలితాలను పోల్చడం కష్టమన్నది ఈ మార్పుకు కారణం. 2007 నుండి మౌఖిక, లేఖన విభాగాలలో కూడా అర్ధ బ్యాండ్లు ఇవ్వడం మొదలైనది. భారతదేశంలో బ్రిటిష్ కౌన్సిల్ నిర్వహిస్తూ వచ్చిన ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని 2021లో ఐడీపీ సంస్థ కొనుగోలు చేసినది.

మొదటి భాగం జరిగే తీరు

అభ్యర్థి గదిలోకి రాగానే పరీక్షకుడు తనను తాను పరిచయం చేసుకుని, అభ్యర్థి పూర్తి పేరు అడిగి, గుర్తింపు పత్రాన్ని పరిశీలిస్తాడు. పిమ్మట ప్రశ్నలు మొదలవుతాయి. సాధారణంగా తొలి ప్రశ్నలు అభ్యర్థి నివాసం గురించి గానీ, చదువు లేదా ఉద్యోగం గురించి గానీ ఉంటాయి. తరువాత మరి రెండు అంశాలు వస్తాయి. ఆహారం, సంగీతం, ప్రయాణం, వాతావరణం, పండుగలు, సెల్‌ఫోను వాడకం, చిన్ననాటి ఆటలు మొదలైనవి ఇటువంటి అంశాలు. ఒక్కొక్క అంశంపై మూడు నాలుగు ప్రశ్నలు రావచ్చును. ఈ లెక్కన ఒక్కొక్క ప్రశ్నకు దక్కే సమయం సుమారు 20 నుండి 25 సెకన్లు. అనగా రెండు నుండి నాలుగు వాక్యాలు.

పరీక్షకుడు సమాధానాన్ని మధ్యలో ఆపి తరువాతి ప్రశ్నకు వెళ్ళవచ్చును. ఇది సమయపాలన కోసమే తప్ప సమాధానం తప్పని అర్థం కాదు. ఈ సంగతి తెలియక కొందరు అభ్యర్థులు ధైర్యం కోల్పోతారు. ప్రశ్న వినబడకపోయినా, అర్థం కాకపోయినా మరొకసారి చెప్పమని మర్యాదగా అడగవచ్చును. అర్థం కాని ప్రశ్నకు ఊహించి సంబంధం లేని సమాధానం చెప్పడం కన్నా అడగడమే మేలు.

పేరు చెప్పే విషయంలో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. తెలుగునాట ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. ఇంటిపేరును తరచుగా ఒక్క అక్షరానికి కుదించి వాడతారు. పాస్‌పోర్టులో మాత్రం పూర్తి ఇంటిపేరు ఉంటుంది. కాబట్టి పరీక్షలో పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరును స్పష్టంగా, నెమ్మదిగా చెప్పి, తనను ఏ పేరుతో పిలవవచ్చునో తెలిపితే సరిపోతుంది. "మైసెల్ఫ్" అని మొదలుపెట్టి పేరు చెప్పడం మన దేశంలో వాడుకే అయినా ప్రామాణిక ఆంగ్లంలో లేదు. "మై నేమ్ ఈజ్" అనడం సరైనది.

మూల్యాంకనం

మొదటి భాగానికి విడిగా మార్కులు లేవు. మూడు భాగాలనూ కలిపి నాలుగు ప్రమాణాల ఆధారంగా 0 నుండి 9 వరకు బ్యాండు నిర్ణయిస్తారు. నాలుగింటికీ సమాన ప్రాధాన్యం ఉన్నది.

* ధారాళత, పొందిక: ఆగకుండా, తడుముకోకుండా, ఒక మాటకు మరొక మాట అతికేటట్లు మాట్లాడడం.
* పదసంపద: సందర్భానికి తగిన మాటలు వాడడం, తెలియని మాటను వేరే మాటలతో చెప్పగలగడం.
* వ్యాకరణ వైవిధ్యం, శుద్ధి: చిన్న, పెద్ద వాక్యాలు రెండింటినీ తప్పులు తక్కువగా వాడడం.
* ఉచ్చారణ: వినేవారికి శ్రమ లేకుండా అర్థమయ్యేటట్లు పలకడం.

ఈ నాలుగింటిలో అభిప్రాయాల గొప్పతనానికి గానీ, లోకజ్ఞానానికి గానీ చోటు లేదు. బ్రిటిష్ యాసలో మాట్లాడాలన్న నిబంధన కూడా లేదు. తెలుగు యాస ఉన్నంత మాత్రాన బ్యాండు తగ్గదు. యాస వలన మాట అర్థం కానప్పుడే తగ్గుతుంది.

మౌఖిక పరీక్షలో అర బ్యాండు తేడా ఎంత దూరం వెళ్తుందో ఈ ఉదాహరణ చూపుతుంది. ఒక అభ్యర్థికి శ్రవణంలో 7, పఠనంలో 6.5, లేఖనంలో 6, భాషణంలో 5.5 వచ్చాయనుకుందాము. సగటు 6.25. నియమం ప్రకారం దానిని 6.5గా పరిగణిస్తారు. కాని అనేక విశ్వవిద్యాలయాలు మొత్తం మీద 6.5తో పాటు ఏ విభాగంలోనూ 6కు తగ్గరాదని కోరతాయి. అటువంటప్పుడు మొత్తం బ్యాండు సరిపోయినా, భాషణంలో తగ్గిన అర బ్యాండు వలన ప్రవేశం ఆగిపోతుంది. ఫలితం రెండు సంవత్సరాల వరకు మాత్రమే చెల్లుతుంది.

తెలంగాణ ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు ఇచ్చే మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలలో కూడా ఆంగ్ల సామర్థ్య పరీక్ష ఫలితాన్ని పరిగణనలోకి తీసుకుంటారు. కనుక ఈ కొద్ది నిమిషాల సంభాషణ ఒక పేద కుటుంబపు విద్యార్థికి ప్రవేశంతో పాటు ఉపకార వేతనాన్ని కూడా నిర్ణయించవచ్చును.

కంఠస్థం చేసిన సమాధానాలు

పరీక్షలో రాగల ప్రశ్నలని, వాటికి సమాధానాలని చెప్పి పుస్తకాలు, కాగితాల కట్టలు అభ్యర్థుల మధ్య చేతులు మారుతూ ఉంటాయి. పాఠశాలలో వ్యాసాలను, పద్యాలను వల్లెవేసిన అలవాటు ఉన్నవారికి ఇవి సుఖంగా కనిపిస్తాయి. కాని వల్లెవేసిన సమాధానాలను గుర్తించడంలో పరీక్షకులకు శిక్షణ ఉంటుంది. బ్యాండ్ల వివరణలో, కంఠస్థం చేసినట్లు కనిపించే వాక్యాలపై ఆధారపడడం వ్యాకరణంలో 3వ బ్యాండు లక్షణంగా పేర్కొనబడినది.

కంఠస్థం వలన కలిగే నష్టాలు ఇవి:

* ప్రశ్న కొద్దిగా మారినా సమాధానం అతకదు. సొంత ఊరిలో ఏది నచ్చుతుందని అడగడం వేరు, ఊరు ఎలా మారిందని అడగడం వేరు.
* ఒక్క మాట మరచిపోతే మిగిలిన వాక్యమంతా నిలిచిపోతుంది.
* గొంతులో హెచ్చుతగ్గులు పోయి, చదివి అప్పగిస్తున్నట్లు వినిపిస్తుంది.
* వల్లెవేసిన వాక్యానికీ, తరువాత సొంతంగా చెప్పిన వాక్యానికీ మధ్య అంతరం స్పష్టంగా తెలిసిపోతుంది.

ఉదాహరణకు, సొంత ఊరి గురించి అడిగినప్పుడు "మై విలేజ్ ఈజ్ సరౌండెడ్ బై లష్ గ్రీన్ ఫీల్డ్స్ అండ్ స్పార్క్లింగ్ స్ట్రీమ్స్" అనే వాక్యాన్ని మల్దకల్ అభ్యర్థి అప్పగించాడనుకుందాము. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కాని అది ఏ ఊరికైనా సరిపోయే వాక్యం. తరచుగా నీటి ఎద్దడి చూసిన నడిగడ్డ పల్లెలకు సరిపోవడమే కష్టం. అక్కడ ఏమి పండుతుందని పరీక్షకుడు వెంటనే అడిగితే, ఆ కాగితంలో సమాధానం ఉండదు. పుట్టి పెరిగిన ఊరిలో ఏ పంట వేస్తారో తెలిసి కూడా అభ్యర్థి మౌనంగా ఉండిపోతాడు.

విషయ సేకరణ: మల్దకల్ ఉదాహరణ

సరైన సన్నద్ధతలో మొదటి మెట్టు వాక్యాలు రాసుకోవడం కాదు, విషయాలు గుర్తుచేసుకోవడం. ప్రతి అంశం కింద తన జీవితం నుండి నాలుగైదు వాస్తవాలను తెలుగులోనే ముక్కలుగా రాసుకోవాలి. వాటికి అవసరమయ్యే ఆంగ్ల పదాలను మాత్రమే పక్కన చేర్చుకోవాలి. పూర్తి వాక్యం రాయరాదు.

స్వస్థలం

మల్దకల్ జోగులాంబ గద్వాల జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. పొరుగున ఉన్న వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు కూడా అదే రోజున ఏర్పడినవి. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్యనున్న ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అని వ్యవహరిస్తారు. మల్దకల్‌లోని స్వయంభూ లక్ష్మీవేంకటేశ్వరస్వామి ఆలయం ప్రసిద్ధమైనది. స్వామిని స్థానికులు తిమ్మప్ప అని పిలుచుకుంటారు. ఈ స్థలానికి ఆదిశిలా క్షేత్రమని పేరు. ఏటా మార్గశిర మాసంలో ఇక్కడ బ్రహ్మోత్సవాలు, జాతర జరుగుతాయి.

వీటిలో పరీక్షకు కావలసినది ఒకటి రెండు మాత్రమే. మండలం, జిల్లా, పునర్విభజన వంటి వివరాలు వినేవారికి భారమవుతాయి. "ఐ కమ్ ఫ్రమ్ మల్దకల్. ఇట్స్ ఎ స్మాల్ ప్లేస్ నియర్ గద్వాల, బిట్వీన్ టూ రివర్స్" అంటే చాలును. ఊరిలో ఏది నచ్చుతుందన్న ప్రశ్నకు "ఐ లైక్ ద టెంపుల్ ఫెయిర్ ఇన్ డిసెంబర్. మై కజిన్స్ కమ్ హోమ్ ఫ్రమ్ హైదరాబాద్, సో అవర్ హౌస్ ఈజ్ ఫుల్ ఫర్ ఎ వీక్" వంటి సమాధానం చిన్నదే, కాని సొంతది. జాతరకు ఎవరు వచ్చారు, ఏమి కొన్నారు, కిందటి ఏడు ఏమి జరిగింది అని పరీక్షకుడు ఎటు వెళ్ళినా అభ్యర్థి వెంట వెళ్ళగలడు.

పని, కుటుంబం

గద్వాల ప్రాంతం పత్తి విత్తనోత్పత్తికి పేరు పొందినది. స్థానికంగా దీనిని సీడు పత్తి అంటారు. ఒక రకం పత్తి పూల నుండి పుప్పొడి తిత్తులను తొలగించి, మరొక రకపు పుప్పొడిని చేతితో అద్ది సంకర విత్తనాన్ని తయారుచేస్తారు. దీనిని క్రాసింగ్ అని వ్యవహరిస్తారు. ఈ పని చూస్తూ పెరిగిన అభ్యర్థి తల్లిదండ్రుల వృత్తి గురించి అడిగినప్పుడు "మై పేరెంట్స్ ఆర్ ఫార్మర్స్" అని ఊరుకోనవసరం లేదు. "దే గ్రో కాటన్ ఫర్ సీడ్, సో దే పాలినేట్ ద ఫ్లవర్స్ బై హ్యాండ్" అని చేరిస్తే, ఆ ఒక్క వాక్యంలోనే పదసంపద, కారణం, వివరణ మూడూ వస్తాయి.

గద్వాల చీరల నేత మరొక ఉదాహరణ. నూలు ఒంటికి పట్టు అంచును, పట్టు కొంగును మగ్గం మీదనే కలిపి నేయడం ఈ చీరల ప్రత్యేకత. నేత కుటుంబానికి చెందిన అభ్యర్థి "ద బాడీ ఈజ్ కాటన్, బట్ ద బార్డర్ ఈజ్ సిల్క్" అని చెప్పగలిగితే చాలును. అలంకారాలు అవసరం లేదు.

చదువు, ప్రయాణం, సెలవులు

వనపర్తి పూర్వ సంస్థానపు రాజభవనంలో నడుస్తున్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివినవారు తమ కళాశాల గురించి అడిగితే ఆ సంగతి చెప్పవచ్చును. జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు కుటుంబంతో చూడబోవడం, అలంపురం నవబ్రహ్మాలయాల సందర్శన, కొల్లాపూర్ మామిడి, సోమశిల వద్ద కృష్ణలో పడవ ప్రయాణం, నల్లమల అడవి దారి వంటివి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అభ్యర్థులకు అందుబాటులో ఉన్న విషయాలు. గద్వాల నుండి రైలులో హైదరాబాదుకు వెళ్ళివచ్చే అనుభవం ప్రయాణంపై వచ్చే అనేక ప్రశ్నలకు పనికివస్తుంది.

చెప్పినది నిజమా కాదా అని పరీక్షకుడు విచారించడు. అందువలన అబద్ధం చెప్పినా మార్కులు తగ్గవు. అయినా నిజం చెప్పడం వలన ఒక ప్రయోజనం ఉన్నది. జరిగిన సంగతిని చెప్పేటప్పుడు మనసు భాష మీదనే ఉంటుంది. కల్పించి చెప్పేటప్పుడు మనసు సగం కథ మీదకు పోతుంది.

తెలుగు నుండి వచ్చే వ్యాకరణ దోషాలు

తెలుగు వాక్యాన్ని మాటకు మాటగా ఆంగ్లంలోకి మార్చడం వలన మొదటి భాగంలో కొన్ని దోషాలు పదే పదే వస్తాయి.

* "నాకు ఇద్దరు అన్నలున్నారు" అనే భావాన్ని "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అంటారు. "ఐ హావ్ టూ బ్రదర్స్" అనాలి.
* "రెండేళ్ళ నుండి పని చేస్తున్నాను" అనే దానిని "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్" అంటారు. "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ ఇయర్స్" సరైనది.
* తెలుగులో ఒక్కరే ఉన్నా "మా నాన్న", "మా ఊరు" అంటాము. ఆంగ్లంలో సాధారణంగా "మై ఫాదర్", "మై విలేజ్" అనాలి. "అవర్ ఫాదర్" అంటే తోబుట్టువులు కూడా అక్కడే ఉన్నట్లు తోచును.
* తెలుగులో "ఎ", "యాన్", "ద" వంటి ఉపపదాలు లేవు. అందుచేత "ఐ లివ్ ఇన్ స్మాల్ హౌస్" వంటి వాక్యాలు వస్తాయి. "ఐ లివ్ ఇన్ ఎ స్మాల్ హౌస్" అనాలి.
* "ఐ లైక్ టు రీడింగ్" అనరాదు. "ఐ లైక్ రీడింగ్" గానీ "ఐ లైక్ టు రీడ్" గానీ అనాలి.

బంధుత్వాలు మరొక చిక్కు. తోడల్లుడిని "కో-బ్రదర్" అని, తోటికోడలిని "కో-సిస్టర్" అని తెలుగువారు చెప్పే మాటలు బయటివారికి అర్థం కావు. "మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్" అన్నట్లు విడమరచి చెప్పాలి. అత్త, మామ, బావ, వదిన వంటి మాటలకు ఆంగ్లంలో సరిసమానమైన మాటలు లేవు కాబట్టి, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పడం ముందే అభ్యసించుకోవడం మంచిది. అదే విధంగా ఇంటర్మీడియట్, జాతర, మండలం, లక్ష వంటి మాటలను వాడినప్పుడు నాలుగైదు మాటలలో వివరించాలి. ఇలా వివరించగలగడం పదసంపద ప్రమాణంలో అభ్యర్థికి అనుకూలంగానే పనిచేస్తుంది.

ఉచ్చారణ

తెలుగు అజంత భాష. పదాల చివర అచ్చు ఉండడం తెలుగువారికి సహజం. అందువలననే బస్, రోడ్, బ్యాంక్ అనేవి తెలుగులో బస్సు, రోడ్డు, బ్యాంకు అయినవి. ఆంగ్లం మాట్లాడేటప్పుడు కూడా ఈ "ఉ" కారం వచ్చి చేరుతుంది. మాట చివరి హల్లు దగ్గర ఆగడం అభ్యసించాలి. పదం మొదట ఎ, ఒ ధ్వనులు ఉన్నప్పుడు య, వ చేర్చి "యెగ్", "వోన్లీ" అని పలకడం మరొక అలవాటు.

ఆంగ్లంలో "వ" వంటి ధ్వనులు రెండు ఉన్నాయి. ఒకటి పై పళ్ళు కింది పెదవికి తాకగా పుట్టేది, రెండవది పెదవులు గుండ్రంగా చుట్టగా పుట్టేది. తెలుగులో ఈ భేదం లేదు. పడమర అనే అర్థం గల ఆంగ్లపదాన్ని, లోపలి చొక్కా అనే అర్థం గల పదాన్ని తెలుగు లిపిలో రాస్తే రెండూ "వెస్ట్" అనే కనిపిస్తాయి. సందర్భాన్ని బట్టి అర్థం తెలుస్తుంది కనుక ఇది పెద్ద దోషం కాదు. ఆంగ్ల జ-కారాలలో ఒకటి తెలుగులో లేదు. అయితే ఉర్దూ మాటలు ఎక్కువగా వినబడే పాలమూరు ప్రాంతంలో జమీన్, బజార్ వంటి పదాల ద్వారా ఈ ధ్వని చాలామందికి చెవికి పరిచయమే.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది పదంలోని ఊనిక. ఆంగ్లంలో ప్రతి పెద్ద పదంలోనూ ఒక అక్షరంపై ఒత్తు పడుతుంది. ఫోటోగ్రాఫ్ అనే పదంలో మొదటి అక్షరంపై, ఫోటోగ్రాఫర్ అనే పదంలో రెండవ అక్షరంపై ఊనిక ఉంటుంది. తెలుగులో ఊనిక వలన అర్థం మారదు కాబట్టి అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాము. కొత్త పదం నేర్చుకునేటప్పుడే దాని ఊనికను కూడా నేర్చుకోవాలి.

అభ్యాస విధానం

హైదరాబాదులోని అమీర్‌పేట వంటి చోట్ల శిక్షణ కేంద్రాలు అనేకం ఉన్నాయి. అక్కడికి వెళ్ళి, గది అద్దెకు తీసుకుని, రుసుము చెల్లించే స్తోమత అందరికీ ఉండదు. మౌఖిక పరీక్ష మొదటి భాగానికి ఇంటి వద్దనే సిద్ధపడవచ్చును. ఒక సాధ్యమైన క్రమం ఇది:

# పదిహేను అంశాలు ఎంచుకుని, పైన చెప్పిన విధంగా ఒక్కొక్క దాని కింద నాలుగైదు వాస్తవాలు తెలుగులో రాసుకోవాలి.
# రోజుకు రెండు అంశాలు తీసుకుని, కాగితం చూడకుండా ఆంగ్లంలో మాట్లాడుతూ సెల్‌ఫోనులో రికార్డు చేసుకోవాలి.
# రికార్డును విని, ఎక్కడ ఆగినదీ, ఏ మాట పదే పదే వచ్చినదీ గుర్తించాలి. ఒక విడతకు ఒక్క దోషాన్ని మాత్రమే దిద్దుకోవాలి.
# అదే అంశంపై మరునాడు వేరే మాటలతో మాట్లాడాలి. నిన్నటి వాక్యమే వస్తున్నదంటే అది కంఠస్థమవుతున్నదని గ్రహించాలి.
# ప్రతి సమాధానానికి ఎందుకు, ఎప్పుడు, ఎవరితో అనే ప్రశ్నలలో ఒకదానికి జవాబును చేర్చడం అలవాటు చేసుకోవాలి.

ఆంగ్లం వచ్చిన మిత్రుడు దొరకకపోయినా అభ్యాసం ఆగనవసరం లేదు. ఇంట్లో తల్లి గానీ చెల్లెలు గానీ తెలుగులో ప్రశ్న అడిగితే ఆంగ్లంలో సమాధానం చెప్పవచ్చును. ఊరి గురించి, పొలం గురించి, వారు అడిగే ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ ఉండవు. ముందుగా తెలియని ప్రశ్నకు మాట్లాడడమే పరీక్షలో కావలసిన నైపుణ్యం. ఎక్కడ ఎక్కువసేపు ఆగినదీ భాష రానివారు కూడా చెప్పగలరు.

పరీక్ష సమయంలో పాటించవలసినవి

* అవును, కాదు అని ఒక్క మాటతో ఆపరాదు. ఒక కారణం గానీ, ఒక ఉదాహరణ గానీ చేర్చాలి.
* నిమిషాల తరబడి సాగదీయరాదు. దీర్ఘంగా మాట్లాడడానికి రెండవ భాగం ఉన్నది.
* తప్పు దొర్లితే ఒకసారి సరిదిద్దుకుని ముందుకు సాగాలి. ప్రతి మాటనూ దిద్దుకుంటే ధారాళత దెబ్బతింటుంది.
* ఆసక్తి లేని అంశం వస్తే, ఆసక్తి లేదని చెప్పి ఎందుకు లేదో వివరించవచ్చును. అది కూడా పూర్తి సమాధానమే.
* పెద్ద పదాల కోసం వెతకరాదు. తెలిసిన చిన్న పదాన్ని సరిగా వాడడం మేలు.
* ప్రతి వాక్యానికీ "సర్" లేదా "మేడమ్" చేర్చనవసరం లేదు. పరీక్ష సంభాషణగా సాగాలి, విచారణగా కాదు.

మౌఖిక పరీక్షలో మాత్రమే బ్యాండు తగ్గినవారు మొత్తం పరీక్షను మళ్ళీ రాయకుండా ఒక్క విభాగాన్నే తిరిగి రాసే వన్ స్కిల్ రీటేక్ అనే సదుపాయం కంప్యూటరుపై పరీక్ష రాసినవారికి ఉన్నది. భారతదేశంలో ఇది 2023లో అందుబాటులోకి వచ్చినది. మొదటి పరీక్ష జరిగిన 60 రోజులలోగా దీనిని వినియోగించుకోవాలి. పైన చెప్పిన ఉదాహరణలోని అభ్యర్థి భాషణంలో 5.5 నుండి 6కు చేరితే అతని ప్రవేశానికి ఉన్న అడ్డంకి తొలగుతుంది. అన్ని విశ్వవిద్యాలయాలూ ఈ ఫలితాన్ని అంగీకరించవు కనుక ముందుగా విచారించుకోవాలి.

ఇతర పరీక్షలతో పోలిక

పియర్సన్ సంస్థ నిర్వహించే పీటీఈ అకడమిక్ పరీక్షలో కూడా ప్రారంభంలో అభ్యర్థి తనను తాను పరిచయం చేసుకోవాలి. అయితే ఆ పరిచయానికి మార్కులు లేవు, ఎదుట మనిషి ఉండడు. మైకులో మాట్లాడితే కంప్యూటరు నమోదు చేస్తుంది. ఐఈఎల్‌టీఎస్‌లో పరిచయపు ప్రశ్నలకు చెప్పే సమాధానాలు కూడా బ్యాండు నిర్ణయంలో భాగమే. మనిషి ఎదుట మాట్లాడడానికి జంకేవారికి పీటీఈ, యంత్రంతో మాట్లాడడం ఇబ్బందిగా తోచేవారికి ఐఈఎల్‌టీఎస్ అనుకూలంగా ఉండవచ్చును.

గ్రామీణ అభ్యర్థులు, ఆంగ్ల మాధ్యమం

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమాన్ని విస్తృతంగా ప్రవేశపెట్టడం 2022-23 విద్యా సంవత్సరంలో మొదలైనది. అంతకు ముందు చదువుకున్న గ్రామీణ విద్యార్థులలో అనేకులు పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివారు. ఆంగ్లాన్ని వారు పాఠ్యాంశంగా చదివారే గాని మాటలాడే భాషగా వాడే అవకాశం తక్కువగా లభించినది. పరీక్షలో ఎదురయ్యే తొలి ప్రశ్నలు మాత్రం పుస్తకానికి సంబంధించినవి కావు. ఊరి పేరు, ఇంటి తీరు, అమ్మానాన్నల పని, తిన్న తిండి, చూసిన జాతర అందరి దగ్గరా ఉన్న విషయాలే. ఈ విషయాలలో నగర విద్యార్థికి గ్రామీణ విద్యార్థి ఏ విధంగానూ తీసిపోడు. అతనికి కొరవడినది వాటిని ఆంగ్లంలో నోటితో చెప్పే అభ్యాసం మాత్రమే. అది రోజూ కొంతసేపు మాట్లాడడం వలన వచ్చేదే గాని, కాగితాలు కొనడం వలన వచ్చేది కాదు.

ఇవి కూడా చూడండి

* మల్దకల్
* జోగులాంబ గద్వాల జిల్లా
* నడిగడ్డ
* గద్వాల చీర
* ఆంగ్ల భాష